బాగుగానే నటించిరి

చలనచిత్రము చూచి వెలుపలికి వచ్చువారి నోట వినబడు మెప్పులలో నాకు మిక్కిలి అనుమానము గొలుపునది, "అందరూ చక్కగా చేసినారు" అను మెప్పు. పాటలు బాగున్నవన్నచో వాటిలో ఒకటియైనను నాలుగు దినములు నాలుక మీద ఆడును. కథ బాగున్నదన్నచో ఆ కథను చెప్పక తప్పదు, చెప్పుచుండగనే అది నిజముగా బాగున్నదో లేదో తేలిపోవును. కాని నటన బాగున్నదని చెప్పి ఊరకున్నవానిని మరునాటి ప్రొద్దున పిలిచి, ఇంతకును ఆ చిత్రములో ఏమి జరిగినదయ్యా యని అడిగినచో, తల గోకికొని, ఒక తండ్రి యుండును, ఆయనకు కొడుకుతో మాటలుండవు, తుదకు ఇద్దరును కలిసికొందురు కాబోలు నని నసుగును. చక్కని నటన కనులార చూచి, చూచినదానిని ఇంత త్వరగా మరచుట ఎట్లు సాధ్యమని నాకు చిరకాలముగా నొక విచారము కలదు.

నేను చెప్పుచున్నవి పెద్ద సంస్థల ధనముతోను, పెద్ద కథానాయకుల పేరుతోను వెలువడు చిత్రములు కావు. నలుగురు మిత్రులు తలా కొంత సొమ్ము వేసికొని, ఒక పాత యిల్లు బాడుగకు పుచ్చుకొని, నాటకములలో పండిన నటులను ముగ్గురు నలుగురిని బతిమాలి తెచ్చుకొని, ఋతువు మారకముందే ముగించు చిన్న చిత్రములు. వీటిలో పెక్కు కుటుంబగాథ లగుటకు కళాకారణము కంటె లెక్కల కారణమే ముందు. యుద్ధము తీయవలెనన్న గుఱ్ఱములు కావలెను. పోట్లాట తీయవలెనన్న పగులగొట్టుటకు కార్లు కావలెను. కుటుంబమునకు ఒక వంటగదియు, ఒక నడవయు, అందు మాటాడక కూర్చుండు నలుగురును చాలుదురు. ఆ మాటాడకుండుట క్రమముగా ఒక శైలి యైనది, శైలి కాలక్రమమున ఒక ధర్మమైనది. ఇప్పుడు ఈ తెగ చిత్రములలో ఎవరైనను గట్టిగా ఒక మాట అన్నచో దర్శకునకు సిగ్గు కలుగునట్లున్నది.

అట్టి దొకటి ఈమధ్య మా యింట చూచితిమి. దాని పేరు చెప్పను. చెప్పకుండుటకు మర్యాద యొక కారణము, ఎంత తడవినను పేరు స్ఫురింపకుండుట రెండవ కారణము. పదవీవిరమణ చేసిన బడిపంతులు, ఆయన భార్య, బెంగళూరునుండి వచ్చిన కొడుకు, అమ్మకమునకు పెట్టిన యిల్లు. అందులో ఒక చోట తండ్రి అలిగి వీధిలోనికి పోవును. తల్లి అప్పటికే రెండు గ్లాసులలో కాఫీ పోసి యున్నది. ఆయన గ్లాసు మీద చిన్న పళ్ళెము మూసి, తన గ్లాసు త్రాగి, కడిగి, మరల వచ్చి ఆ పళ్ళెమెత్తి చూచి, చల్లారిన ఆ కాఫీని కూడ నిలుచుండియే, గోడవైపు తిరిగి, ఒక్క గ్రుక్కలో త్రాగివేసి, ఆ గ్లాసును కడిగి మొదటిదాని ప్రక్కన బోర్లించును. ఒక్క మాట లేదు, కంట నీరు లేదు. పారబోయుటకు మనసొప్పని పొదుపరితనమును, ఏండ్ల తరబడి మ్రింగిన కోపమును, ఆయన ఇప్పట్లో రాడని యెఱిగిన తెలివిడియు ఆ ఒక్క గ్రుక్కలో నిమిడియున్నవి. ఆమె వంటి నటి మన భాషలో ఉండుట మన భాగ్యము. మా మేనత్త కూడ, "ఆ యమ్మ శానా బాగా జేసిందప్పా" అని మెచ్చుకొని, తుదివరకు కదలక చూచి, పేర్లు పడుచుండగా, "అందురూ మంచోళ్ళే వుండారు గదా, ఇంగ కతేముండాది?" అని లేచి దీపము పెట్టుటకు పోయినది.

ఆమె యడిగినది విమర్శకులు పుటలు నింపి అడుగలేని ప్రశ్న. దానికి భరతముని యొద్ద సగము సమాధానము కలదు. నాట్యశాస్త్రము ఎనిమిది స్థాయిభావములను, ముప్పదిమూడు వ్యభిచారి భావములను, ఎనిమిది సాత్త్వికములను లెక్కించి, వీటిలో స్థాయి యొక్కటే రసమగునని, తక్కినవి రాజు వెంట నడచు పరివారము వంటివని చెప్పినది. నిర్వేదము, గ్లాని, శంక, చింత, దైన్యము, అవహిత్థము అను ముప్పదిమూడింటిలో నేటి చిన్న చిత్రముల నటులు అభినయింప నేర్వనిది లేదు. ముఖ్యముగా లోని భావమును కప్పిపుచ్చు అవహిత్థమున వారు ఆరితేరినవారు. పైన చెప్పిన కాఫీ అభినయము అవహిత్థమునకు పాఠముగా పెట్టదగినది. కాని ఈ పరివారమంతయు సొగసుగా సింగారించుకొని బయలుదేరి, మార్గమంతయు నడచి, రాజు లేడని యెవ్వరును గమనింపకుండగనే ఊరేగింపు ముగియుచున్నది. చింత యున్నది, దేనిని గూర్చిన చింతయో లేదు. దైన్యమున్నది, ఎవరు చేసిన దానివలన కలిగిన దైన్యమో లేదు.

తక్కిన సగము సమాధానమునకు మా ఆవనికి రావలెను. ముళబాగిలు తాలూకాలోని ఈ కొండయూరు వాల్మీకి ఆశ్రమముండిన చోటని, సీతమ్మ కుశలవులను కన్నది ఇచటనేయని మా పెద్దల నమ్మిక. కొండ క్రింద ఒకే ప్రాకారములో రామలింగేశ్వరుడు, లక్ష్మణలింగేశ్వరుడు, భరతలింగేశ్వరుడు, శత్రుఘ్నలింగేశ్వరుడు అని నలుగురన్నదమ్ముల పేర నాలుగు గుడులు కలవు. సుమారు పదవ శతాబ్దమున ఈ సీమ నేలిన నొళంబరాజుల నాటి పని. తమ బిడ్డలని యెఱుగక కుశలవులతో పోరిన దోషము పోవుటకు అన్నదమ్ములు తలా ఒక లింగము ప్రతిష్ఠించిరని స్థలపురాణము. శివరాత్రి జాతరకు వచ్చి, పశువులు కొని, వీరిని దర్శించి తిరిగిపోవువారు చాలమంది. అందరును కొండ యెక్కరు. సీతమ్మ గుడి ఆ కొండకొమ్మున, రాళ్ళ నడుమ, వేరుగా నున్నది. అన్నదమ్ములు నలుగురును క్రింద ఒక ఆవరణలో ఉమ్మడిగా నున్నారు. ఇంటికోడలు పైన ఒంటరిగా నున్నది. ఆ కుటుంబములో ఏమి జరిగినదో ఈ కట్టడపు వరుసయే చెప్పుచున్నది. చెక్కిన శిల్పి ఎవరో, కట్టించిన రాణి యెవరో తెలియనివానికి కూడ, మెట్లెక్కుచు రొప్పుచు మధ్యలో కూలబడినప్పుడు, ఈమె ఇంత దూరమున ఎందుకున్నదన్న ప్రశ్న తప్పదు.

భవభూతి ఈ కథను నాటకముగా వ్రాసినప్పుడు ఒక వింత పని చేసినాడు. ఉత్తరరామచరితము మొదటి యంకములోనే రాముడును, సీతయు, లక్ష్మణుడును తమ గత జీవితమునే చిత్తరువులుగా వ్రాయించి వరుసగా చూచుకొందురు. అప్పటికి అందరును మంచివారే, అందరి కళ్ళలోను నీరే, ఒకరి మీద ఒకరికి ప్రేమయే. అచ్చటితో నిలిపినచో అదియును మన చిన్న చిత్రము వంటిదే యగును: చక్కని అభినయము, మెత్తని వెలుగు, ఏమియు జరుగకుండుట. కాని ఆ యంకము ముగియుటకు ముందే, అలసి తన భుజము మీద నిదురించుచున్న నిండుచూలాలిని ఆ రాముడే అడవికి పంపును. ఏడవ యంకములో వాల్మీకి రచించిన నాటకమును రాముని యెదుటనే ఆడించినప్పుడు, తాను చేసినది తన కన్నుల యెదుట మరల జరుగుచుండగా చూచి ఆయన మూర్ఛిల్లును. కుటుంబకథ చూచిన తొలి ప్రేక్షకుడు ఆయనయే యనవచ్చును. నటులు బాగుగా చేసినారని మెచ్చుకొనుటకు ఆయనకు తెఱపి లేకపోయినది.

భవభూతి తుదకు ఆ యాలుమగలను కలిపినాడు. కనుక కలయిక తప్పు కాదు. తప్పెక్కడ నున్నదనగా, విడిపోవుటకు ముందే కలుపుటలో నున్నది. నేటి చిన్న కుటుంబచిత్రములలో ఎవరును ఎవరికిని తీర్పరాని పని యేదియు చేయరు. తండ్రి కొడుకును తిట్టియుండును, అది కథకు పూర్వమే జరిగిపోయినది. కొడుకు తండ్రిని పలుకరింపడు, అది మౌనము, పని కాదు. ఇల్లు అమ్ముదురనుకొందుము, అమ్మరు. తప్పు చేయనివారు క్షమాపణ వేడుకొనరు, క్షమాపణ లేనిచోట క్షమించుటకు ఏమియు నుండదు; మిగిలినది ఒక సాయంకాలపు వెలుగు, ఒక దీర్ఘమైన చూపు. మా మేనత్త మాటలలో, అందరూ మంచివారే.

దీనిని విని, అయితే నీకు అరపులు కావలెనా, పాతకాలపు కన్నీటి చిత్రములు కావలెనా యని యెవరైన నన్ను నిలదీయవచ్చును. కొంతవరకు కావలెననియే నా సమాధానము. 1987లో ఏ.వి.ఎమ్. వారు తీసిన సంసారం ఒక చదరంగం చూడుడు. అందలి నటనలో నేటివారు వ్రేలు పెట్టి చూపదగిన అతి యెంతయైన నున్నది. కాని గొల్లపూడి మారుతీరావు ధరించిన ఆ తండ్రి, సంపాదనపరుడైన పెద్దకొడుకుతో తెగతెంపులు చేసికొని, ఒకే కప్పు క్రింద ఇంటిని రెండుగా చీల్చుచు నేలమీద గీత గీసిన సంగతి, ఆ చిత్రము చూచి ముప్పదియేండ్లు దాటినవారు కూడ మరువలేదు. గీత గీయుటకు గొప్ప నటన అక్కరలేదు, గీయుటకు తెగువ కావలెను. 1963 నాటి లవకుశ సంగతియు నంతే. సి. పుల్లయ్య గారు 1934లో పారుపల్లి సుబ్బారావును, శ్రీరంజనిని పెట్టి ఆ కథను ఒకసారి తీసి, ఇరువదియేండ్ల పైచిలుకు గడచిన పిదప దానినే రంగులలో మరల చేపట్టి, ఆరోగ్యము చెడగా కుమారుడు సి. ఎస్. రావు పూర్తిచేసిన ఆ చిత్రమునకు జనులు బండ్లు కట్టుకొని పోయిరని పెద్దలు చెప్పుదురు. వారు అంజలీదేవి నటనను తప్పక మెచ్చిరి. కాని బండ్లు కట్టుకొని పోయినది నటన కొఱకు కాదు. తమకు ముందే తెలిసిన అన్యాయము మరియొకసారి జరుగుటను చూచి, మరియొకసారి ఒప్పుకొనకుండుటకు పోయిరి.

అయినను అరపులే మార్గమని చెప్పుట నా యుద్దేశము కాదు. జపానువాడైన ఒజు 1953లో తీసిన టోక్యో స్టోరీలో ఎవరును గొంతెత్తరు. దూరపు ఊరినుండి వచ్చిన ముసలి తల్లిదండ్రులను బిడ్డలు ఆదరముగనే పలుకరింతురు, తీరిక లేదందురు, తుదకు సొమ్ము పోగుచేసి వేడినీటి బుగ్గల ఊరికి విహారమునకు పంపుదురు. చూచుటకు అది ఉపచారము; నిజమునకు వదలించుకొనుట. తల్లి ఇల్లు చేరుసరికి జబ్బుపడి మరణించును. ఇక దిద్దుకొనుటకు వీలులేదు. అంతయు నెమ్మదిగనే జరిగినది, కాని జరిగినది. మన యింటను శ్రీరమణగారి మిథునం కథను తనికెళ్ళ భరణి 2012లో బాలసుబ్రహ్మణ్యము, లక్ష్మి అను ఇద్దరే నటులతో తీసినప్పుడు, చిత్రములో చాలభాగము తిండి, తోట, ముద్దుముచ్చటలే. అవి బాగున్నవి, అవి మాత్రమే యున్నచో ఒక పూట ముచ్చటగా పోయెడిది. పోకుండుటకు కారణము తుదిని ఆ ముసలామె, భర్త ముందుగా పోవుటయే మేలైనదని, తాను లేకున్న ఆయనను చూచుకొనువారు లేరని తలచుటలో నున్నది. ఇన్నేండ్ల కాపురము వెల యెంతయో ఆ తలంపులో తేలినది. బాపుగారు ఆ కథను తమ చేతివ్రాతతో ఆసాంతము వ్రాసికొనిరనగా ఆశ్చర్యము లేదు.

ఇచట ఒక చిక్కు కలదు, దానిని దాటిపోరాదు. బి. ఎస్. నారాయణగారి నిమజ్జనం తండ్రి అస్థికలు గంగలో కలుపబోవు దంపతుల కథ. త్రోవలో ఆ యిల్లాలికి జరిగిన ఘోరము తీర్పరానిదే. అందలి నటనకే శారదకు మూడవసారి జాతీయ పురస్కారము లభించినది. కాని నేడు దానిని చూచినవారెవరని అడిగినచో చేతులు లేచుట కష్టము. అయితే ఈ మరపు వేరు. చూడక మరచుట ప్రతులది, ప్రదర్శనశాలలది, పంపిణీదారులది. చూచి మరచుట చిత్రముది. మొదటిదానికి విచారింపవలెను, ఆ చిత్రములను వెదకి మరల చూపవలెను. ఈ వ్యాసము రెండవదానిని గూర్చినది. ఇప్పుడు ఫోనులో చేయి చాచిన దొరకు చిత్రములకు మొదటి సాకు చెల్లదు.

మాకు సమీపముననే కోలారు బంగారు గనులు కలవు కనుక మాబోటివారికి ఈ సందర్భమున ఒక లెక్క తోచకపోదు. 1880లో జాన్ టేలర్ సంస్థ వచ్చిన తొలి కాలమున టన్ను రాతికి నలువది గ్రాములకు పైబడి బంగారము వచ్చెడిదని, చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగిన పిదప, తుది దినములలో టన్నుకు మూడు గ్రాములు వచ్చుటయే కష్టమైనదని చెప్పుదురు. ఆ మూడు గ్రాములును మేలిమియే. ఆ బంగారమునకు ఏ లోపమును లేదు. కాని దానికొఱకు త్రవ్విన లోతును, మోసిన రాతిని లెక్కించినప్పుడు గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న గనులు మూసివేసిరి. చల్లారిన కాఫీ త్రాగిన ఆ నటి గ్రుక్క మేలిమి. దాని కొఱకు నేను రెండు గంటల రాయి మోసితిని. (ఆ గనుల సయనైడు తిప్పల నడుమ తీసిన కె.జి.ఎఫ్. చిత్రమో, రాతినే బంగారమని అమ్మినది; కాని దాని అడుగునను తల్లికి ఇచ్చిన మాట యొకటి యున్నదని, కుటుంబకథ లేనిదే అందలి నాయకుని సుత్తెకు కూడ బరువు రాలేదని ఒప్పుకొనవలెను.)

ఇంత చెప్పియు ఆ చిత్రములను మానుమని నేననను. అన్నింటి కంటె పెద్ద కారణము ఆ నటులే. నలువదియేండ్లు నిండిన నటికి పెద్ద చిత్రములలో దొరకునది కథానాయకుని తల్లి వేషము. రెండు దృశ్యములలో కనబడి, ఒకదానిలో అన్నము వడ్డించి, రెండవదానిలో ఆసుపత్రి మంచము మీద పడుకొనవలెను. ఆమె ముఖమును తీరికగా, పూర్తిగా, వెనుకనుండి వాద్యఘోష తఱుమకుండగా చూపునది ఈ చిన్న చిత్రమొక్కటే. ఏండ్ల తరబడి నాటకములాడి, పౌరాణిక పద్యము గొంతెత్తి పాడిన మగవారు సైతము ఈ చిత్రములలో గొంతు తగ్గించి మాటాడుట నేర్చి, తమలో ఇంకొక నటుడున్నాడని కనుగొనుచున్నారు. ఈ లాభము చిన్నది కాదు.

రెండవ కారణము నుడికారము. ప్రవీణ్ కండ్రేగుల తీసిన సినిమా బండి 2021లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా వచ్చినప్పుడు మా యిండ్లలో ఒక సందడి కలిగినది. అది కుటుంబకథ కాదు; ఆటోలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా చేతబడగా, ఆ డబ్బాతో సినిమా తీసి ఊరు బాగుచేయవలెనని బయలుదేరిన ఆటో తోలువాని కథ. నటులు దాదాపు అందరును క్రొత్తవారు. కాని కన్నడ పలక క్రింద తెలుగు మాటాడు మా సరిహద్దు పల్లెల యాస, బడిలో ఒక భాషయు ఇంటిలో ఒక భాషయు గల మావంటివారి నోటి తీరు, వెక్కిరింతకు గాక మాటగా తెరమీద వినబడుట మాకు అరుదు. అన్నిటి కంటె ముఖ్యము, అందులో ఒక పని జరిగినది: పరుల సొత్తు తనదనుకొని ఒకడు పుచ్చుకొనినాడు. ఎంత అమాయకముగ పుచ్చుకొనినను, దాని యజమానురాలు వెదకికొనుచు వచ్చును గదా యన్న బెరుకు ప్రతి నవ్వు వెనుకను నున్నది. ఆ బెరుకే చిత్రమును నిలిపినది.

కనుక ఆ తెగ దర్శకుడెవరైనను మంచి యిల్లు వెదకుచు మా తాలూకాకు వచ్చినచో, ఇండ్లు చూపను. ఇచట జరుగునది యొకటి చెప్పుదును. ఇద్దరన్నదమ్ములు పొలము పంచుకొందురు. పంచినప్పుడు ఎక్కడను నీరు లేదు కనుక పంపకము న్యాయముగనే జరుగును. తరువాత అన్న భాగములో వేయి అడుగులు దాటి బోరు వేయగా నీరు పడును. తమ్ముని భాగములో రెండుమారులు వేసినను దుమ్మే లేచును. రెండవమారు వేసినది వదిన నగలు కుదువపెట్టి. తమ్ముని టమాటా తోట కాపు మీద నున్నది. కోలారు మార్కెట్టులో ఆ వారము ధర బాగున్నది. అన్న ఒకదినము విడిచి ఒకదినము నీరిచ్చుటకు ఒప్పుకొనును. ఒకరాత్రి గేటు వాల్వు ఎవరో కట్టివేయుదురు. ఎవరు కట్టినదియు ఇంటిలో అందరికిని తెలియును, ఒక్కరును అడుగరు. తోట ఎండును. మరుసటి శివరాత్రికి అన్నదమ్ములిద్దరును జాతరలో ఒకే జత యెడ్ల కడ నిలిచి పండ్లు పట్టి చూతురు, ధర మాటాడుదురు, నీటి మాట యెత్తరు. దర్శకుడు ఆ మౌనమును ఎంతసేపు తీసినను నాకు అభ్యంతరము లేదు. వాల్వు కట్టిన చేతిని ముందుగా చూపియుండవలెను. ఆ చేయి వదినదైనచో, చల్లని కాఫీ త్రాగిన ఆ నటినే పిలువుమని చెప్పుదును.